చెరిగిపోయిన బిల్లు

తాళం తిప్పుతాను. టక్. మళ్లీ తిప్పుతాను. టక్‌టక్‌టక్‌టక్. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి నీరసంగా ఆరిపోతాయి. సెల్ఫ్ పట్టడం లేదు.

2026 జనవరి 12, సోమవారం. ఏడు దాటింది. విజయవాడలో చలి అంటే నవ్వుతారేమోగానీ, పటమట సందుల్లో ఈ వేళప్పుడు అద్దాల మీద మంచు చెమటలా పట్టే ఉంటుంది. ఎదురింటావిడ ముగ్గు గిన్నె చేతిలో పట్టుకుని, మన కారు మూలుగు విని తలెత్తి చూస్తోంది. భోగికి రెండు రోజులే ఉంది. రేపు తెల్లారకముందే అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని గుడివాడ అవతల మా ఊరికి బయల్దేరాలి. డిక్కీలో అప్పుడే రెండు అరిసెల డబ్బాలు ఎక్కేశాయి కూడా.

"ఒరేయ్, బ్యాటరీ" అంటాడు నాన్న గుమ్మంలోంచే. బనీను మీద శాలువా, చేతిలో కాఫీ గ్లాసు. సహకార బ్యాంకులో ముప్ఫై ఏళ్లు లెక్కలు చూసి రిటైరైన మనిషి. ఆ గొంతులో విచారం కంటే హుషారే ఎక్కువ. ఇవాళంతా బేరమాడే పని దొరికిందని ఆయనకి అప్పుడే అర్థమైంది.

వీధి చివర షెడ్డు కుర్రాడు భుజాన రెండు కేబుళ్లు వేసుకుని, చేతిలో ఓ పాత బ్యాటరీ పట్టుకుని వస్తాడు. బానెట్ ఎత్తగానే ఎర్ర టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పూసినట్టు చిలుము. జేబులోంచి మీటర్ తీసి రెండు ముళ్లూ ఆనిస్తాడు. 11.7.

"చూశారా అన్నా. ఫుల్లుగా ఉంటే 12.6 చూపించాలి."

లోపల ఆరు గదులు. ఒక్కో గదీ రెండు వోల్టుల పైచిల్లర. అన్నీ కలిస్తే ఆ పన్నెండున్నర. 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టు. 11.7 అంటే ఇక చెప్పేదేముంది. ఫ్రాన్సులో గాస్తోం ప్లాంటే అనే ఆయన 1859లో సీసం పలకల్ని ఆమ్లంలో ముంచి చేసిన ఏర్పాటే ఇప్పటికీ మన బానెట్ కింద ఉంది. కారులో అన్నీ మారాయి, ఇది మాత్రం మారలేదు.

కుర్రాడు కేబుళ్లు తగిలించి "కొట్టన్నా" అంటాడు. ఇంజను ఒక్క తిప్పుకే లేస్తుంది. ఆన్‌లో ఉండగానే మళ్లీ మీటర్ పెడతాడు. 14.1. "ఆల్టర్నేటర్ బాగానే ఉంది. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ వేసేస్తారు కొందరు. ఛార్జింగే సరిగా లేకపోతే కొత్తదీ మూడు నెలల్లో పడుకుంటుంది. అప్పుడు వారంటీ ఇవ్వమంటే బండిలో లోపం, మాకు సంబంధం లేదంటారు."

"మొన్నటిదాకా బాగానే ఉంది కదయ్యా" అంటాడు నాన్న.

"ఇది మొన్న మే నెలలోనే చచ్చిందండీ బాబాయ్ గారూ. మనకి ఇవాళ తెలిసింది."

ఈ మాట ఏ పుస్తకంలోనూ ఇంత చక్కగా ఉండదు. బ్యాటరీని చంపేది ఎండ. మన వేసవిలో, ఇంజను పక్కనే ఆ పెట్టె ఉడికినంతసేపూ లోపలి పలకలు తినేసుకుపోతాయి, నీరు ఆవిరవుతుంది. ఎండ ఉన్నన్నాళ్లూ ఇంజను సులువుగానే తిరుగుతుంది కాబట్టి నీరసించిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. చలి తగలగానే ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ ఇచ్చేదీ తగ్గుతుంది. ఆ రెండూ కలిసిన పొద్దున మనకీ టక్‌టక్.

ముందు నల్ల కేబులు, తరవాత ఎర్రది విప్పి బ్యాటరీని పైకి లాగుతాడు. తొమ్మిది కిలోల పైమాటే. స్కూటర్ కాళ్ల దగ్గర గోనెపట్టా మీద నిలబెట్టి పెడతాం. వెనక నాన్న. మీరు కూడా మీ బండి తీయండి, మా వెనకే వచ్చేయండి.

బయల్దేరేముందు డాష్‌బోర్డు సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీస్తాను. ఆర్సీ, ఇన్సూరెన్సు, వాటి మధ్య మడతపెట్టిన వారంటీ కార్డు. 2022 సెప్టెంబరులో కొన్నాం. 48 నెలలు. ఇది నలభయ్యో నెల. "ఇంకా ఎనిమిది నెలలుందిరా!" నాన్న మొహం దీపావళిలా వెలుగుతుంది. కార్డుకి పిన్ను గుచ్చిన బిల్లు తిప్పుతాడు. అటు తెలుపు. ఇటు తెలుపు. మెషిన్లోంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు మూడు వేసవులు కారులో కాగి కాగి ఒక్కటీ మిగల్లేదు. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే ఓ మూల బూడిదరంగు గీత. అంతే.

బందరు రోడ్డు మీద షాపు. అప్పుడు కొన్నది ఇక్కడే. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడ పొడుగునా మెట్లుమెట్లుగా పేర్చిన కొత్త బ్యాటరీలు. కోల్‌కతా కేంద్రంగా నడిచే ఎక్సైడ్, మన తిరుపతి పక్క కరకంబాడి నుంచి వచ్చే ఆమరాన్, ఇంకా రెండు మూడు పేర్లు. కౌంటరబ్బాయి కార్డు చూస్తాడు, బిల్లు చూస్తాడు, మళ్లీ బిల్లే చూస్తాడు.

"బిల్లు కనబడట్లేదు సార్."

"మీరిచ్చిందేగా. సీరియల్ నంబరు ఉందిగా బ్యాటరీ మీద."

నంబరు కొట్టి చూస్తాడు. అప్పట్లో కొన్న రోజు షాపువాళ్లు రిజిస్టర్ చేయలేదు. కార్డు మీద స్టాంపు ఉందిగానీ తేదీ పెన్నుతో రాయలేదు. "సిస్టంలో ఎక్కదు సార్" అంటాడు, ఎండదెబ్బకి మనం కాస్త జాగ్రత్తగా ఉండాల్సిందన్నట్టు. నాన్న చెవులు ఎర్రబడుతున్నాయి. బ్యాంకులో ఒక్క సంతకం తేడా వస్తే ఎంతమందిని వెనక్కి పంపాడో నాకు గుర్తొస్తుంది. ఆ మాట పైకి అనను.

"సరే, కొత్తది ఎంత?" అంటాడు చివరికి. జేబులోంచి డిసెంబరు నెల క్యాలెండర్ కాగితం తీసి, వెనకవైపు పరిచి, నిలువుగా నాలుగు గీతలు గీస్తాడు. కంపెనీ పేర్లు రాయడు. అ, ఆ, ఇ, ఈ. "పేరు రాస్తే మనసు అటే లాగుతుందిరా." నేనూ ఆ అక్షరాలే వాడతాను.

పాత బ్యాటరీ మీద 38B20L అని ఉంది. నాన్న 38 ఆంపియర్-అవర్ అనుకుంటాడు. చాలామంది అంతే. ఆ 38 బలానికి ఇచ్చే తరగతి నంబరు. అవర్ల లెక్కలో ఇది 35. B పెట్టె ఎత్తు, వెడల్పుల కొలత. 20 సెంటీమీటర్లలో పొడవు. చివరి L టెర్మినల్ ఏ పక్కనుందో చెబుతుంది. ఆ ఒక్క అక్షరం తేడా పడితే కేబులు అందదు. కొట్లో ధర చూసేకంటే ముందు ఇది చూడాలి, ఎందుకంటే తగ్గింపుకి దొరికిన తప్పు సైజు బ్యాటరీ ఇంటికి తెచ్చుకునే బరువే తప్ప దేనికీ పనికిరాదు.

పాతది వదిలేస్తే ధరలు ఇవీ. అ: 3,900. ఆ: 4,700. ఇ: 4,250. ఈ అనేది పెద్దగా పేరు వినని కంపెనీ, 3,000. నాన్న చూపు సహజంగానే ఈ మీద ఆగుతుంది. పాతది ఇవ్వకపోతే ప్రతిదానికీ మరో 850 కట్టాలి. అంటే మన గోనెపట్టా మీది శవానికి 850 రూపాయల విలువ. దాని బరువులో సగానికి పైగా సీసమే. కరిగించి మళ్లీ పలకలు పోస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి పోగుచేసే బాధ్యత తయారీదారులదే. ఇనుప సామాన్లవాడు పది రూపాయలు ఎక్కువిస్తానన్నా ఇవ్వొద్దు. ఊరి చివర రేకుల షెడ్లో కరిగిస్తే ఆ పొగ తిరిగి పిల్లల రక్తంలోకే వస్తుంది.

"వారంటీ?"

కౌంటరబ్బాయి గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. "అ 48 నెలలు, ఆ 60, ఇ 55, ఈ 36 సార్."

నాన్న పెన్ను ఆగుతుంది. "అందులో ఫ్రీ ఎన్ని?"

ఇది అడగాల్సిన ప్రశ్న. పెట్టె మీద పెద్ద అంకెల్లో వేసేది మొత్తం నెలలు. కార్డు లోపల చీమతలకాయంత అక్షరాల్లో దాన్ని రెండు ముక్కలు చేసి ఉంటుంది. మొదటి ముక్కలో పోతే కొత్తది ఊరికే ఇస్తారు. రెండో ముక్కలో పోతే ఊరికే ఇవ్వరు, కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు, నెలలు గడిచేకొద్దీ ఆ తగ్గింపూ తగ్గుతుంది. ప్రో రేటా అంటారు. అబ్బాయి కార్డులు తీసి చూసి చెబుతాడు. అ 24 ఫ్రీ, 24 ప్రో రేటా. ఆ 36, 24. ఇ 30, 25. ఈ 18, 18.

నాన్న ధరని ఫ్రీ నెలలతో భాగిస్తాడు, నోటితోనే. ఫోన్ తీయబోతే చెయ్యి అడ్డం పెడతాడు. అ నెలకి 162. ఆ 130. ఇ 141. ఈ, అందరికంటే చవక అనుకున్నది, 166.

కాగితం వంక అలా చూస్తూ ఉండిపోతాడు. మూడు వేలది నాలుగు వేల ఏడొందలదానికంటే ఖరీదు.

"ఆ ఇవ్వు. చూద్దాం." అబ్బాయి కింది మెట్టులోంచి ఒకటి లాగుతాడు. నాన్న దాన్ని చూసే తీరు మీరు చూసి తీరాలి. కళ్లజోడు నుదుటికి ఎక్కించి, మొహం దగ్గరగా పెట్టి, పెళ్లికొడుకు జాతకం చూసినట్టు. అట్ట మీద ధర స్టిక్కరు. గోటితో అంచు గీకుతాడు. కింద ఇంకో స్టిక్కరు, ఇంకాస్త పెద్ద ధర.

"ఇదేంటయ్యా?"

"జీఎస్టీ తగ్గింది కదా సార్. కొత్త రేటు అంటించాం."

కారు బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది 2025 సెప్టెంబరు 22న. పాత సరుకు మీద కొత్త ధర అంటించడంలో వింతేం లేదు. నాన్నకి కావలసింది అది కాదు. "అంటే ఇది సెప్టెంబరు ముందే ఫ్యాక్టరీ దాటింది. నాలుగు నెలలు మీ మెట్ల మీదే కూర్చుంది." తయారైన నెల కంపెనీవాళ్లు ఏదో గుర్తుల్లో పొడుస్తారు, మనకి అర్థం కాదు. ఈ స్టిక్కరు ఒక్క గోటిగీతకి చెప్పేసింది. వాడినా వాడకపోయినా బ్యాటరీలోంచి ఛార్జి నెలనెలా కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుంది, అలా ఖాళీగా పడి ఉంటే పలకలు గట్టిపడతాయి. మీటరు పెట్టమంటాడు. 12.4. పోయిందని కాదు. కానీ కొత్తది కొంటున్న మనిషికి ముప్పావు నిండిన బిందె ఎందుకు?

ఆన్‌లైన్‌లో చూశాను, అదే ఆ 4,400కి ఉంది, ఇంటికొచ్చి బిగిస్తారట. పదహారో తారీఖు తరవాత. పండగ వాళ్లకీ ఉంటుంది.

ఇక ఆటోనగర్‌లో చూద్దామని బయల్దేరతాం. బెంజి సర్కిల్ రద్దీలో నాన్న నా భుజం మీంచి అరుస్తూనే ఉన్నాడు. "ఆ బిల్లు ఉండుంటే! ఎనిమిది నెలలురా! ఎంత పోయిందో!" బ్యాటరీ నా కాళ్లకి కొట్టుకుంటోంది.

ఆటోనగర్ గేటు దాటగానే చప్పుడు మారిపోతుంది. సుత్తి దెబ్బలు, గ్రైండరు కూత, వెల్డింగు మెరుపులు. ఏ వైపు చూసినా విప్పి పెట్టిన లారీ క్యాబిన్లు, కొత్తగా రంగు పూసిన బాడీలు. గాలిలో డీజిలూ టిన్నరూ కలిసిన వాసన. రోడ్డు పక్క టీ బండి దగ్గర నల్లబడ్డ చేతులు గాజు గ్లాసుల చుట్టూ. ఇక్కడ అద్దాల తలుపులుండవు. ఓ రేకుల కొట్టు ముందు వరసగా పాత బ్యాటరీలు, ఛార్జింగుకి పెట్టినవి, సన్నగా బుసకొడుతూ. మూత తీసిన ఒకదాన్నుంచి గంధకం వాసన ముక్కుకి తగులుతుంది. దగ్గర బీడీ వెలిగించకండి, ఆ బుడగల్లో వచ్చేది హైడ్రోజన్.

కొట్టాయన నాన్న వయసువాడే. చొక్కా మీద ఆమ్లం పడి చిల్లులు. పాతదాన్ని పక్కకి లాగి, పెద్ద పట్టకారులాంటి లోడ్ టెస్టరు తగిలిస్తాడు. ముల్లు అలా పడిపోతుంది. "ఇక లేవదండీ" అంటాడు. ఛార్జి చేస్తే లేచేదైతే అది వారంటీలోకి రాదు, ఛార్జి చేసి ఇచ్చేస్తారు. రాత్రంతా లైటు ఆర్పకుండా వదిలేసి వారంటీ అడిగేవాళ్లే సగంమంది అంటాడు.

నాన్న క్యాలెండరు కాగితం పరిచి, చెరిగిపోయిన బిల్లు దాని మీద పెట్టి, పొద్దుట్నుంచీ మోస్తున్న బాధంతా వెళ్లగక్కుతాడు. ఆయన విని నవ్వుతాడు.

"ఎన్నో నెలండీ?"

"నలభై."

"ప్రో రేటాలో ఉన్నారు. దాని మీద ఇప్పుడు ఎమ్మార్పీ 5,400. మీ కార్డు ప్రకారం ఈ నెలకి ఇరవై శాతం తగ్గింపు. వెయ్యీ ఎనభై. మీరు కట్టేది 4,320. పాతది కంపెనీకి ఇచ్చెయ్యాలి, దానికి డబ్బులు రావు. ఇప్పుడు బయట అదే బ్యాటరీ, పాతది ఇచ్చి, ఎంతకి చెప్పారు?"

నాన్న కాగితం మీద అ గడి చూస్తాడు, మన పాత రకం అదే. "మూడు వేల తొమ్మిదొందలు."

"మరి."

గ్రైండరు ఆగింది. నాన్న 4,320 లోంచి 3,900 తీసేస్తున్నాడు. ఆ తీసివేతకి అంత సేపు అక్కర్లేదు. తగ్గింపు లెక్కగట్టేది ఎమ్మార్పీ మీద, మార్కెట్లో ఎవరూ అమ్మని ధర మీద. బిల్లు మీద అక్షరాలన్నీ కొత్తవిలా మెరుస్తూ ఉండి, వారంటీ పక్కాగా వాడుకుని ఉంటే, నాలుగొందల ఇరవై ఎక్కువ కట్టేవాళ్లం.

"అందుకే రెండో భాగంలో క్లెయిముకొచ్చేవాళ్లు తక్కువండీ" అంటాడు కొట్టాయన, నాన్న ముందుకి టీ జరుపుతూ. "మొదటి భాగంలో మాత్రం కచ్చితంగా రావాలి. అయితే ఒకటి. ఫ్రీగా మార్చి ఇచ్చినదానికి కొత్తగా వారంటీ మొదలవదు. పాతదానికి మిగిలిన నెలలే."

నాన్న ఆయన్ని ఇప్పుడు వేరేగా చూస్తున్నాడు. లెక్కలవాడు లెక్కలవాణ్ని గుర్తుపట్టాడు.

ఆ ఉందా అని అడుగుతాడు. ఉంది. స్టిక్కరు ఒకటే, గోటితో గీకినా కింద ఏమీ లేదు. డిసెంబరు సరుకు. మీటరు 12.7. ధర 4,750.

"బందరు రోడ్డులో నాలుగు వేల ఏడొందలే."

"అక్కడే తీసుకోండి బావగారూ, తప్పేముంది."

యాభై రూపాయలు. కూరగాయల బండి దగ్గర కొసరు కొత్తిమీర కోసం పది నిమిషాలు నిలబడే మనిషి. నేను స్కూటరు తాళం తీసుకోబోతుంటే నాన్న అడుగుతున్నాడు: "క్లెయిమొస్తే కంపెనీకి పంపి వచ్చేదాకా మా బండి సంగతి?"

"సర్వీసు బ్యాటరీ వేసి పంపుతాను. నాలుగైదు రోజులు వాడుకోండి."

"ఫిట్టింగు?"

"కుర్రాణ్ని పంపుతా. ఇంటి దగ్గర బిగిస్తాడు. డబ్బులక్కర్లేదు."

"టాక్సీకి తిప్పం. సొంత బండే."

"అడుగుదామనుకున్నా. కిరాయి బండైతే నెలలు తగ్గుతాయి."

నాన్న చొక్కా లోపలి జేబులో చెయ్యి పెడతాడు. నాలుగు వేల ఏడొందల యాభై, లెక్కపెట్టి, ఒకసారి మళ్లీ లెక్కపెట్టి ఇస్తాడు. మెషిను బర్రుమని నున్నటి బిల్లు కక్కుతుంది. దాన్ని పక్కకి నెట్టి, "పుస్తకం బిల్లు రాయండి. పెన్నుతో" అంటాడు. కొట్టాయన కార్బన్ పెట్టి రాస్తాడు. కార్డు మీద స్టాంపు, స్టాంపు మీద తేదీ, తేదీ కింద సంతకం, బండి నంబరు. సీరియల్ నంబరు ఫోన్లో కొట్టి రిజిస్టరైనట్టు మెసేజ్ వచ్చేదాకా నాన్న కుర్చీలోంచి లేవడు. బిల్లుకి ఫొటో నాచేత తీయించి, అమ్మ ఫోనుకి కూడా పంపమంటాడు.

ఇంటి దగ్గర కుర్రాడు టెర్మినళ్ల చిలుము వేడినీళ్లతో కడిగి, తుడిచి, ముందు ఎర్రది, తరవాత నల్లది బిగించి, పైన గ్రీజు రాస్తాడు. క్లాంపు గట్టిగా ఉందో లేదో పెట్టెని ఊపి చూస్తాడు, వదులుగా ఉంటే గతుకులకి లోపల పలకలు విరుగుతాయట. తాళం తిప్పుతాను. బానెట్ ఇంకా ఎత్తే ఉంది, ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని లేస్తుంది. డాష్‌బోర్డులో గడియారం ఒంటిగంట చూపిస్తోంది. పదకొండూ పది అయింది.

ఎదురింటి ముగ్గు పూర్తయింది. నాన్న లోపల్నుంచి మార్కర్ పెన్ను తెస్తాడు, అమ్మ పచ్చడి సీసాల మీద పేర్లు రాసేది. బ్యాటరీ మీదికి వంగి, పెద్ద అక్షరాలతో రాస్తాడు: 11-1-2029.

"అరవై నెలలు కదా నాన్నా, 2031 రావాలి."

"ఫ్రీ అక్కడిదాకే" అని మూత పెట్టి బానెట్ దించేస్తాడు.